దైవము ఐదవ కారణము

మన భాషలో ‘విమానము’ అను మాటకు రెండర్థములు కలవు. గర్భాలయముపై నిర్మించు శిఖరమును విమానమందుము. ఆకాశమున ఎగురు వాహనమును విమానమే అందుము. మొదటిదాని ఎదుట నిలిచి చేతులు జోడింతుము. రెండవదానిలో కూర్చుండి నడుమునకు పట్టీ బిగించుకొందుము. రెండుచోట్లను మనకంటె పెద్దదైన ఒక శక్తికి మనలను మనము అప్పగించుకొనుచున్నట్లే తోచును. ఈ రెండు అప్పగింతలును ఒకటేనా? మబ్బులో దారి కానక ఆకాశవాహనము కొండను తాకి కూలినపుడు ‘అంతయు దైవేచ్ఛ’ అనుట భక్తియా, లేక మనము చేయవలసిన విచారణను మానుకొనుటకు దేవుని పేరు అడ్డుపెట్టుకొనుటయా?

‘ప్రమాదము’ అను మాటను చూడుడు. నేడు మనము అపాయమునకు ఆ మాట వాడుచున్నాము. సంస్కృతమున దానికి ఏమరుపాటు అని అర్థము. జరిగిన కీడునకును, దానికి దారితీసిన ఏమరుపాటునకును మన నాలుకపై ఒకే పేరు నిలిచినది. కీడును చూచినపుడు దాని వెనుక ఏమరుపాటు ఎచ్చట నున్నదో వెదకుమని ఆ మాటయే మనకు గుర్తుచేయుచున్నది.

గౌతమీ తీరమున నున్న వాడపల్లివంటి క్షేత్రమునకు ఇది దూరపు ప్రశ్న కాదు. ఈ ఊరికి నౌకాపురి అని పూర్వనామము కలదని పెద్దలు చెప్పుదురు. శనివారము శనివారము ఏడు ప్రదక్షిణముల మ్రొక్కుతో వేంకటేశ్వరస్వామి సన్నిధికి వచ్చువారు నేడు వంతెనల మీదుగా బస్సులలోను కార్లలోను వచ్చుచున్నారు. గోదావరి పాయల నడుమ బ్రతికిన వారి తాతముత్తాతలకు పడవయే దిక్కు. గాలి మారినపుడు, ఏరు పొంగినపుడు, ‘ఇప్పుడు పడవ విప్పను’ అని సరంగు చెప్పినచో పెండ్లివారైనను, మ్రొక్కుబడివారైనను రేవులో కూర్చుండవలసినదే. సరంగు మాటను దైవమునకు విరుద్ధమని ఎవరును తలచలేదు.

ఈ గౌతమియే దిగువకు సాగి సముద్రమును చేరబోవు చోట ఎదుర్లంక కలదు. లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన జి.ఎం.సి. బాలయోగి గారి స్వగ్రామమది. 1998లో ఆ పీఠమును అధిష్ఠించిన ఆయన 2002 మార్చి 3న భీమవరమునుండి హైదరాబాదునకు హెలికాప్టరులో పోవుచు, నాటి కృష్ణా జిల్లాలో కైకలూరు సమీపమున కొవ్వాడలంకవద్ద దుర్మరణము పాలైరి. చూపు సరిగా ఆనని వేళ క్రిందికి వచ్చిన హెలికాప్టరు కొబ్బరిచెట్టును తాకి చేపలచెరువులో కూలినదని ఆనాటి వార్తలు. కొబ్బరిచెట్టును ఇంటి పెద్దకొడుకుగా చూచుకొను సీమకు ఆ వార్త ఎట్లుండెనో చెప్పనక్కరలేదు. ఎదుర్లంకకును యానామునకును నడుమ గౌతమిపై కట్టిన వంతెన నేడు ఆయన పేరు మోయుచున్నది.

అట్టి వేళ ఇంటింట వినవచ్చు మాట ‘విధి’. దుఃఖములో నున్నవాడు పలికిన మాటను తూకము వేయరాదు. కన్నతల్లి ‘నా నుదుటి వ్రాత’ అని ఏడ్చినపుడు ఆమెకు తర్కము చెప్పువాడు మూర్ఖుడు. కాని దుఃఖము కొంత తగ్గిన పిమ్మట, తక్కినవారమైన మనము, రేపు మరల ప్రయాణము చేయవలసిన మనము, ఆ మాటతోనే ఆగిపోవుట తగునా? ఇచ్చటనే ధర్మవిచారణ మొదలగును.

దైవము, పురుషకారము అను ఈ రెంటిలో ఏది బలీయము అను ప్రశ్న మన పెద్దలకు క్రొత్తది కాదు. భారతములో అనుశాసనపర్వమున ఈ ప్రశ్నకు పొలము, విత్తనముల పోలికతో సమాధానము కలదు. పురుషకారము పొలము వంటిది, దైవము విత్తనము వంటిది. రెండును కలిసిననే పంట. శ్రీమద్భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున ఇంకను స్పష్టమైన లెక్క కలదు. ఏ కర్మము జరుగుటకైనను ఐదు కారణములని భగవానుడు చెప్పెను. అధిష్ఠానము మొదటిది. కర్త రెండవది. కరణములు, అనగా సాధనములు, మూడవవి. నానావిధములైన చేష్టలు నాలుగవవి. దైవము ఐదవది. అధిష్ఠానమనగా శరీరమని భాష్యకారులు వివరించిరి. కర్మకు ఆధారమైనది గనుక లోకవ్యవహారమున దానిని చోటు అని గ్రహించుట అనుచితము కాదు.

ఈ వరుసను గమనింపుడు. భగవానుడు దైవమును లెక్కనుండి తొలగింపలేదు. మొదట చెప్పనూలేదు. ఐదవదిగా చెప్పుట తక్కువ చేయుట కాదు. తక్కిన నాలుగింటిని ఎంచిన పిమ్మట ఎంచుట. విమానము కూలినపుడు దర్యాప్తు చేయువారును ఈ పద్ధతినే అనుసరింతురు. ఒక్క కారణముతో తృప్తిపడక గొలుసులోని ఒక్కొక్క కడియమును చేతికి తీసుకొని చూతురు. మనమును అట్లే చూతము.

మొదటిది చోటు. మైదానమున మబ్బు దిగివచ్చినను దానికిని నేలకును నడుమ కొంత ఖాళీ యుండును. కొండసీమలో మబ్బు కొండనే కప్పివేయును. చూచువానికి తెల్లని దూదివలె కనబడును. లోపలి రాయి కనబడదు. తడిగాలి కొండకు తగిలి పైకి లేచి వానమబ్బగును. ఆ మబ్బులలో పైకెగయు గాలులును, క్రిందికి త్రోయు గాలులును ప్రక్కప్రక్కనే యుండును.

2009 సెప్టెంబరు 2న మన నల్లమల ఈ సత్యమును దారుణముగ తెలిపినది. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు చిత్తూరు జిల్లాలో ప్రజలను కలిసికొనుటకై ఉదయము 8 గంటల 38 నిమిషములకు బేగంపేటనుండి బయలుదేరిరి. కొంతసేపటికే హెలికాప్టరు జాడ తెలియకపోయెను. వాయుసేన విమానములు, హెలికాప్టర్లు వెదకగా మరునాడు పావురాలగుట్టపై శకలములు కనబడినవి. ఆయనయు, ఇద్దరు అధికారులును, ఇద్దరు పైలట్లును ప్రాణములు కోల్పోయిరి. దట్టమైన వానమబ్బులో క్రిందికి త్రోయు బలమైన గాలికి చిక్కి హెలికాప్టరు అదుపు తప్పినదని విచారణ సంఘము తేల్చినది. అంతకు ముందు కొన్ని నిమిషములు పైలట్ల దృష్టి యంత్రములోని నూనె పీడనమును గూర్చిన హెచ్చరికపైనను, దానికి ఉపాయము వెదకు పుస్తకముపైనను నిలిచియుండెనని కూడ తెలిపినది. ఆ ప్రయాణమున ఎవరినైనను ఎవరైనను తొందరపెట్టిరని చెప్పుటకు ఆధారము లేదు. ఆధారము లేని మాట మృతులయెడ అపచారము. మనము గ్రహింపవలసినది ఒక్కటే. ఆ దినమున ఆ చోటు మనుష్యుని పనికి అనుకూలముగ లేదు. చోటు దైవము కాదు. చోటును ముందుగా తెలిసికొనవచ్చును, తప్పించుకొనవచ్చును, వేరొక దినమునకు వాయిదా వేయవచ్చును.

కొండల నడుమ మబ్బులోనుండి విమానమును దింపుటకు మనుష్యుడు ఒక పద్ధతిని ఏర్పరచుకొనెను. విశాఖపట్టణమునే తీసికొనుడు. ఉత్తరమున సింహాచలము నున్న కొండల వరుస, దక్షిణమున యారాడ కొండలు, నడుమ విమానాశ్రయము. ఇట్టిచోట్ల ప్రతి కొండ ఎత్తును ముందే కొలిచి, ఏ దూరమున ఎంత ఎత్తుకంటె దిగరాదో మెట్లు మెట్లుగా నిర్ణయించి పటములో అచ్చువేయుదురు. పైలటు బయట ఏమియు కనబడకున్నను, రేడియో కిరణముల ఆధారమున, సాధారణముగ సుమారు 3 డిగ్రీల వాలులో దిగివచ్చును. కడపటి మెట్టు ఒకటి కలదు. దానిని నిర్ణయపు ఎత్తు అనవచ్చును. అనుకూలమైన మైదానమున అది నేలకు సుమారు 200 అడుగులు. కొండలు అడ్డున్నచోట ఇంకను ఎక్కువ. ఆ ఎత్తునకు వచ్చునప్పటికి దారి దీపములు కంటికి కనబడినచో దిగవలెను. కనబడనిచో మరియొక క్షణము చూతమనరాదు. విమానమును పైకెత్తి, ముందే గీసిన దారిలో కొండలను తప్పించుకొని పోవలెను.

ఈ నియమములోని ధర్మసూక్ష్మము చక్కగ ఆలోచింపదగినది. తిరిగి పోవలయునా వద్దా అను నిర్ణయమును మబ్బులో నున్నవానికి విడువలేదు. నేలపై కూర్చుండి, ప్రశాంతచిత్తముతో, ఏ కోరికయు లేని వేళ ఆ నిర్ణయము జరిగినది. మబ్బులో నున్నవాని పని దానిని పాటించుట మాత్రమే. మన వ్రతములకును ఇదియే మూలము. సంకల్పమును స్నానము చేసి నిర్మలమనస్సుతో చెప్పుకొందుము. ఆకలి వేసినపుడు, కోపము వచ్చినపుడు ఆ సంకల్పమును మార్చుకొను అధికారము మనకు లేదని ముందే ఒప్పుకొందుము.

రెండవది కర్త. మబ్బులో చిక్కిన పైలటునకు మొదటి శత్రువు కొండ కాదు, తన ఇంద్రియములు. చెవి లోపల సన్నని వంపుగొట్టములలో ద్రవము కలదు. మన సమతూకము చాలవరకు దానిమీద ఆధారపడును. విమానము మెల్లగా ఒక ప్రక్కకు వాలి తిరుగుచున్నను, కొంతసేపటికి ఆ ద్రవము నిలకడ పొంది ‘నేరుగనే పోవుచున్నావు’ అని చెప్పును. అపుడు విమానమును నిజముగ సరిచేసినచో ‘ఎదుటి ప్రక్కకు వాలితివి’ అని భయపెట్టును. దానిని నమ్మినవాడు మరల తప్పుదారికే పోవును. 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున దీనిని పరీక్షించిరి. సాధనములనుబట్టి నడుపుట నేర్వని 20 మంది పైలట్లకు మబ్బులో నున్నట్లు బయటి చూపు మూసివేసిరి. ఇరువురు నలుగురు కాదు, అందరును అదుపు తప్పిరి. అందులకు పట్టిన కాలము సగటున 178 సెకండ్లు. మూడు నిమిషములైన నిండలేదు. పిమ్మట వారికి ఒక్క పని నేర్పిరి. సాధనములను చూచుచు నెమ్మదిగ వచ్చిన దారినే వెనుకకు మరలుట. అది నేర్చిన పిదప దాదాపు ప్రతి పరీక్షలోను వారు క్షేమముగ బయటపడిరి.

శరీరము రథము, ఇంద్రియములు గుర్రములు, బుద్ధి సారథి అని కఠోపనిషత్తులోని పోలికను మనము ఎన్నిమారులో విన్నాము. దానిని నీతివాక్యముగ విని ఊరకుందుము. మబ్బులో నున్నవానికి అది ప్రాణము నిలుపు శాస్త్రము. ‘నాకు అట్లు తోచుచున్నది’ అను మాటకు ఆ వేళ ప్రమాణత్వము లేదు. తోచుట వేరు, ఉండుట వేరు అని అంగీకరించుటకు వినయము కావలెను. ఎన్ని వేల గంటలు ఎగిరినవాడైనను చెవిలోని ద్రవము స్వభావమును మార్చుకొనలేడు. కనుక అనుభవము గలవానికే ఈ వినయము మరింత అవసరము.

మూడవది కరణము. ఎత్తును తెలుపు గడియారము వంటి సాధనము నిజమునకు గాలి ఒత్తిడిని కొలుచును. నేలపై ఒత్తిడి ఎంతయో పైలటు అడిగి దానిలో అమర్చవలెను. ఒక్క మిల్లీబారు తప్పినచో సుమారు 30 అడుగుల తేడా వచ్చును. సాధనము అబద్ధమాడదు, కాని దానికి మనము చెప్పినదానినిబట్టియే అది మనకు చెప్పును. ఎదుట నేల సమీపించుచున్నదని అరచి చెప్పు యంత్రములు కూడ తరువాత వచ్చినవి. అవి ఎన్నో ప్రాణములను నిలిపినవి. అయితే కొండలోయలలో అట్టి యంత్రము మాటిమాటికి మ్రోగి విసిగించును.

ముక్తినాథక్షేత్రమునకు పోవు యాత్రికులు నేపాలులో పోఖరానుండి జోమ్‌సోమునకు చిన్న విమానములో పోవుదురు. ఆ దారిలో 2022 మే 29న ట్విన్ ఆటర్ అను చిన్న విమానము మబ్బులో కొండను తాకి అందులోని 22 మందియు మరణించిరి. ఆ వేళ నేలను గూర్చి హెచ్చరించు యంత్రమును పలుకకుండ చేసియుండిరని నేపాలు విచారణ సంఘము వ్రాసినది. యంత్రము చెడలేదు. దాని నోరు మూసియుండెను. మన లోపలను ఇట్టి ఒక యంత్రము కలదు. అది మాటిమాటికి పలుకుచున్నదని విసుగుచెంది ఎన్నిమారులు దాని నోరు మూయుచున్నామో ఎవరికి వారు విచారించుకొనవలెను.

క్రొత్త కరణములు వచ్చుచునే యున్నవి. మన దేశము ఏర్పరచుకొన్న ‘గగన్’ అను ఉపగ్రహ వ్యవస్థ సాయమున 2022 ఏప్రిల్‌లో రాజస్థానములోని కిషన్‌గఢ్‌లో ఒక విమానము, నేలపై రేడియో కిరణముల పరికరములతో పనిలేక, దారి కనుగొని దిగినది. చిన్న విమానాశ్రయములకు ఇది మేలు. కాని ఈ క్రొత్త పద్ధతిలోను కడపటి మెట్టు తొలగలేదు. దీపములు కనబడనిచో పైకి లేవవలసినదే.

నాలుగవది చేష్ట. భగవానుడు దీనిని ‘నానావిధములైనవి, వేరువేరైనవి’ అను భావముతో చెప్పుటలో అర్థము కలదు. విమానమును నడుపువాడు ఒక్కడైనను అందులో పనిచేయు చేష్టలు అనేకుల చేష్టలు. 1974 డిసెంబరు 1న అమెరికాలో వాషింగ్టను సమీపమున మబ్బులో దిగుచున్న విమానమునకు నేలపైనుండి ‘దిగుటకు అనుమతి’ లభించినది. ఆ మాటను పైలట్లు, ఇక 1,800 అడుగులకు దిగుటలో అడ్డు లేదని గ్రహించిరి. చెప్పినవాని అభిప్రాయము వేరు. నడుమ కొండ కలదు. 92 మంది మరణించిరి. అది చిన్న విమానము కాదు. కాని అందలి పాఠము చిన్న విమానమునకే ఎక్కువగ వర్తించును, ఏలయన అచ్చట తప్పు దిద్దుటకు రెండవ మనుష్యుడు తరచుగ ఉండడు. ఒకరి అనుమతి మన కన్నులకు బదులు కాజాలదు.

ఈ కథలో మరింత బాధాకరమైన భాగము తరువాత బయటపడినది. అంతకు సుమారు ఆరువారముల ముందు వేరొక సంస్థ విమానము అదే చోట, అదే మాటను అట్లే అపార్థము చేసికొని, వెంట్రుకవాసిలో తప్పించుకొన్నది. ఆ పైలట్లు తమ సంస్థకు చెప్పిరి. సంస్థ తనవారిని హెచ్చరించినది. ఆ హెచ్చరిక గోడ దాటి పొరుగు సంస్థకు చేరలేదు. దీనినుండి నేర్చుకొనియే 1976లో, ఏ పైలటైనను శిక్షకు వెరవక తన తప్పిదమును తెలుపుకొనుటకు ఒక రహస్యనివేదన పద్ధతిని అమెరికాలో నెలకొల్పిరి. నేలను గూర్చి హెచ్చరించు యంత్రములు తప్పనిసరి యగుటకును ఆ 92 మంది మరణమే కారణము. వారి మరణమును ‘విధి’ అని ముడివేసి పక్కన పెట్టియున్నచో ఈ రెండును కలిగెడివి కావు. విచారణ మృతులకు చేయు శ్రాద్ధములో ఒక భాగమనుట అతిశయోక్తి కాదు.

చేష్టలలో యాత్రికుల చేష్టయు కలదు. ఇది మనకు చాల దగ్గరి విషయము. కేదారనాథునకు నేడు వేలకొలది భక్తులు హెలికాప్టరులో పోవుచున్నారు. వారిలో తెలుగువారు తక్కువ కాదు. 2022 అక్టోబరు 18న గరుడచట్టివద్ద మంచులో కూలిన హెలికాప్టరులో పైలటును, ఆరుగురు యాత్రికులును మరణించిరి. 2025 జూన్ 15న గౌరీకుండము సమీపమున, మరల చూపు ఆనని వాతావరణములోనే, ఏడుగురు మరణించిరి. ఆ లోయలో విమానాశ్రయములలో వలె రేడియో కిరణముల మార్గము లేదు. కంటిచూపే ఆధారము. మబ్బు వచ్చినచో ఆగుటయే పద్ధతి. ఆ ఇద్దరు పైలట్ల మనస్సులో ఏముండెనో మనమెరుగము. కాని హెలికాప్టరు దిగు చోటులలో వినవచ్చు మాటలను మనమెరుగుదుము. ‘ఇంత దూరము వచ్చితిమి.’ ‘రేపటికి రైలు టిక్కెట్టు కలదు.’ ‘ముందటి బృందమును తీసికొనిపోలేదా?’ ‘స్వామియే చూచుకొనును.’ ఈ మాటలు పలుకువారు దుర్మార్గులు కారు, భక్తులు. అయినను ఒక్కొక్క మాటయు పైలటు చేతిపై కొంత బరువు పెట్టును. కర్త అతడే, చేష్టలో మనకు పాలు కలదు.

భారతములో ప్రద్యుమ్నుని కథ ఇచ్చట స్మరింపదగినది. సాళ్వుడు ద్వారకపై దండెత్తినపుడు యుద్ధములో ప్రద్యుమ్నుడు మూర్ఛిల్లెను. సారథియైన దారుకుని కుమారుడు వెంటనే రథమును రణరంగమునుండి తొలగించెను. తెలివివచ్చిన ప్రద్యుమ్నుడు కోపించెను. యుద్ధమునుండి మరలినవానిని చూచి పెద్దలు ఏమందురు, స్త్రీలు ఏమందురు, తండ్రి ఏమనును అని తపించెను. సారథి భయపడక, రథికుని కాపాడుట సారథి ధర్మమనియు, ఆ ధర్మమునే తాను నెరవేర్చితిననియు చెప్పెను. పిమ్మట ప్రద్యుమ్నుని ఆజ్ఞ మేరకు రథమును మరలించి అద్భుతముగ నడిపెను. సాళ్వుడు వెనుదీయవలసి వచ్చెను. మరలిపోవుట పిరికితనము కాదని, మరల వచ్చుటకు అదియే మార్గమని ఈ కథ తెలుపుచున్నది. ‘నలుగురు ఏమందురు’ అను భయము వీరునికే ఎక్కువ బాధ కలిగించునని కూడ తెలుపుచున్నది. రథములో కూర్చున్నవాడు ఎంత గొప్పవాడైనను, పగ్గములు పట్టినవాని ‘కాదు’ అను మాట ఆ వేళ చెల్లవలెను.

ఇక ఐదవది దైవము. నాలుగింటిని చూచిన పిమ్మటయు మిగులునది ఏదో కలదు. 1950 డిసెంబరు 13న బొంబాయినుండి కోయంబత్తూరునకు వచ్చుచున్న ఎయిరిండియా డకోటా విమానము దారి తప్పి నీలగిరులలో కోతగిరివద్ద కొండను తాకినది. ప్రయాణికులందరును మరణించిరి. అందులో గణాంకశాస్త్ర మహాపండితుడు అబ్రహాం వాల్డ్, ఆయన భార్య కలరు. మన దేశమున ఉపన్యాసములీయ వచ్చి ఆయన ఇట్లు కన్నుమూసిరి. ఆయన పేర వెలసిన పరీక్షను, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చదివిన మన సి.ఆర్. రావు గారి పేర వెలసిన పరీక్షను నేటికిని విద్యార్థులు ప్రక్కప్రక్కనే చదువుదురు. ఒక పరీక్షను ఎంతవరకు సాగింపవలెను, ఎచ్చట ఆపి నిర్ణయము చేయవలెను అను శాస్త్రమును లోకమునకిచ్చిన మనీషి, ఎచ్చట ఆగవలెనో తెలియని ఒక విమానములో చేష్టలేని ప్రయాణికుడై మరణించెను. అతడు చేసిన తప్పేమి? ఏమియు లేదు. ఆ దినమున ఆ విమానములో ఆయనయే ఏల ఉండవలెను అను ప్రశ్నకు ఏ విచారణ సంఘమును సమాధానము చెప్పలేదు. దైవమను మాటకు ఇది చోటు. ఇచ్చట తల వంచవలెను.

‘ఆయువు తీరినచో ఇంటిలో కూర్చున్నను మృత్యువు రాదా? ఆయువు గట్టిదైనచో ఏ మబ్బైన నేమి చేయును?’ అని అడుగువారు కలరు. మొదటి మాట నిజమే. కాని దానినుండి రెండవది సిద్ధింపదు. ఆయువు ఎంతయో మనకు తెలియదు గనుకనే దానిని కాపాడుకొనుట మనకు ధర్మమైనది. తెలియని దానిని ఆధారము చేసికొని పందెము వేయుట విశ్వాసము కాదు, సాహసము. పైగా అది మన ఆయువుతో మాత్రమే వేయు పందెము కాదు; ప్రక్క కుర్చీలోని పసిబిడ్డ ఆయువుతోను, పైలటు ఇంటి దీపముతోను వేయు పందెము.

‘మేము అట్టి మబ్బులోనే పోయివచ్చితిమి, స్వామి కాపాడెను’ అని చెప్పువారును కలరు. వారి కృతజ్ఞత మెచ్చదగినది. అయితే వాల్డ్ పండితుడు యుద్ధకాలమున చెప్పిన ఒక సూక్ష్మమును ఇచ్చట తలచుకొనవలెను. గుండ్లు తిని తిరిగివచ్చిన యుద్ధవిమానములపై రంధ్రములను లెక్కించి, రంధ్రములు ఎక్కువ ఉన్నచోటనే కవచము వేయుట సహజమని తోచును. రంధ్రములు లేనిచోటనే కవచము కావలెనని ఆయన గణితము తెలిపినది. అచ్చట దెబ్బతిన్నవి తిరిగి రాలేదు గనుక. తిరిగివచ్చినవారి సాక్ష్యమును మాత్రమే విని మార్గము నిర్ణయింపరాదు. రానివారు చెప్పలేకపోయిన మాట కూడ మన చెవిని పడవలెను.

శరణాగతి అను మాటను మనము తరచుగ వాడుదుము. శరణాగతి అనగా కన్నులు మూసికొని ముందునకు దూకి, పట్టుకొనుమని భగవంతుని బలవంతపెట్టుట కాదు. తన పట్టుదలను విడుచుట. ‘నేను ఈ దినముననే చేరవలెను’ అను పంతమును విడుచుట. నిర్ణయపు ఎత్తున దీపములు కనబడక, ఇంధనము, కాలము, ప్రతిష్ఠ అన్నియు ‘ఇంక కొంచెము’ అని లాగుచుండగా, విమానమును పైకెత్తిన పైలటు ఆ క్షణమున చేసినది శరణాగతియే. అతడు పురుషకారమును విడువలేదు. ఫలమును విడిచెను.

‘ఆలస్యము అమృతము విషము’ అనియు, ‘నిదానమే ప్రధానము’ అనియు మన పెద్దలు రెండును చెప్పిరి. రెండును సత్యములే. నేలపై చేయవలసిన పనులకు మొదటిది. వాతావరణమును విచారించుట, యంత్రమును పరీక్షించుట, తప్పు తెలిసిన వెంటనే పదిమందికి చెప్పుట, వీనిలో ఆలస్యము విషమే. మబ్బులో దిగు వేళకు రెండవది.

యాత్రకు పోవు భక్తులు కొన్ని చిన్న నియమములు పాటింపవచ్చును. తిరుగు ప్రయాణమునకు ఒకటి రెండు దినములు అదనముగ ఉంచుకొనవచ్చును. బయలుదేరుటకు ముందే ‘మీకు సందేహమైనచో మరలి రండు, మేము ఏమియు అనము’ అని పైలటుతో ఒక మాట చెప్పవచ్చును. మరలివచ్చిన నాడు డబ్బు పోయినదని గొడవపడక అతనికి నమస్కరింపవచ్చును. దర్శనము కాని దినమున కొండ క్రిందనే నిలిచి చేసిన ప్రార్థన స్వామికి చేరదని ఏ శాస్త్రమును చెప్పలేదు. వాడపల్లి రేవులో గాలి తగ్గువరకు కూర్చున్న ఆనాటి భక్తుని మ్రొక్కు చెల్లలేదని ఎవరనగలరు? శనివారము మరల వచ్చును.

కొండదారుల మబ్బులలో ప్రాణములు విడిచిన వారందరికి సద్గతి కలుగుగాక. వారి మరణమునుండి నేర్చుకొను బుద్ధి మనకు కలుగుగాక. పగ్గములు పట్టినవాడు ‘ఈ దినము కాదు’ అని చెప్పినపుడు, ఆ మాటను మన్నించు ఓర్పును భగవంతుడు మనకు ప్రసాదించుగాక.